రావిమొక్క ఎత్తు

గోడౌన్ వీధి పక్కసందులో
కొత్త నంబరు పదిహేడు, పాత నంబరు తొమ్మిది.
వీధివైపు వెడల్పు ఇరవై ఒక్క అడుగులు.
లోతుకి నా టేపు చాల్లేదు,
మూడుసార్లు జరిపి కొలిచాను.

నేను కమిటీ మనిషిని కాను,
కమిటీకి కొలిచిపెట్టే మనిషిని.

కింద శుభలేఖల కాగితం కొట్టు,
వెనకాల మోటారు పంపుల గిడ్డంగి,
మేడమీద చెంగమ్మ.
చిట్టా పుస్తకాలు కుడుతుంది.
మామగారి కాలం నించీ అదే అద్దె, ఎనభై రూపాయలు.

పొగచూరిన దూలాన్ని తడిగుడ్డతో తుడిస్తే
చెక్కలోంచి తెలుగు లేచింది:
ఖర నామ సంవత్సరం, వైశాఖం,
నరసింగశెట్టి కట్టించిన ఇల్లు.
కింద వడ్రంగి పేరు, సగం.
మిగతా సగం చెదలు చదివేసింది.

రెండొందల యాభై ఏళ్ళు దాటింది.
కోటలో దొరలకి దుబాసీ అట ఆ శెట్టి.
నాకు చెప్పింది చెంగమ్మ.
ఆమెకెవరు చెప్పారంటే గోడ చూపించింది.

కరక్కాయ, బెల్లం, గుడ్డుసొన
కలిపి నూరిన సున్నం అది. అద్దంలా ఉంటుంది.
ఇంకా తియ్యగా ఉంటుందేమోనని
ఎవరూ లేనప్పుడు నాలుక ఆనించాను.
ఉప్పు.
సముద్రం ఎప్పుడొచ్చి కూర్చుందో లోపల.

ఉత్తర్వు వచ్చింది, గుండ్రటి ముద్రతో.
రెండో శ్రేణి వారసత్వ కట్టడం.
కూల్చరాదు. మార్చరాదు. మేకు కొట్టరాదు.
"మరి నా దండెం మేకో?" అంది చెంగమ్మ.
"ఎవరు కొట్టారు?"
"మా అత్త."
"అయితే అదీ వారసత్వమే" అన్నాను.
ఆమె నవ్వలేదు.

ఓనరు గురువప్ప అన్నానగర్ నించి వచ్చాడు.
కాగితం రెండుసార్లు చదివాడు. పోట్లాడలేదు.
నాకు టీ తెప్పించాడు, ఏలక్కాయ వేసి.
"కూల్చకూడదు, సరే.
దానంతటదే పడిపోతే?"
నా ఫారంలో ఆ గడి లేదు.

జనవరిలో పిట్టగోడ పగుల్లో
కాకి వేసిన రావిమొక్క, జానెడు. రెండాకులు.
ఏప్రిల్లో కుళాయికే దాహం,
వీధంతా బిందెలు లారీ కోసం వరసకట్టాయి.
మొక్క మాత్రం మూడడుగులు.
వేరు లోపలికి దిగి
ఒక ఇటుకని పక్కకి జరగమంది. అది జరిగింది.

సాయంత్రాలు కొట్టులో కుర్రాడు
నీలం బిందెతో మేడెక్కుతాడు.
"చెట్టుకి నీళ్ళు పొయ్యడం పుణ్యం కదక్కా,
సారు చెప్పారు" అన్నాడు.
వాడి కళ్ళల్లో ఏ కపటమూ లేదు.
నిజమే, ఏ చట్టం వద్దంటుంది?
రావిచెట్టు కొట్టడమే పాపం.

జులైలో కొలిచాను. రెండడుగుల మూడంగుళాలు.
టేపు తప్పేమోనని మళ్ళీ కొలిచాను.
ఆకుల అంచులు గోధుమరంగు,
మొదట్లో తెల్లటి పొర, అట్టుకట్టి, పగిలి.
వంగి వాసన చూశాను.

ఆ రాత్రి హార్బరు సైరను కూశాక
చెంగమ్మ గిన్నెని కొంగుతో పట్టుకుని వచ్చింది.
పొగలు కక్కే గంజి.
కుర్రాడి నీళ్ళు ఇంకా ఆరని చోటే
గురి తప్పకుండా పోసింది.
నన్ను చూసి జడవలేదు.
"వార్చిన గంజి ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా."

ఫారం నింపుతున్నాను.
ప్రమాదం: రావిమొక్క, ఎత్తు పై విధంగా.
తీసుకున్న రక్షణ చర్యలు:
గంజి అని రాశాను,
కొట్టేశాను,
మళ్ళీ రాశాను.
ఆఫీసువాళ్ళు అడుగుతారు,
అది ఏ కంపెనీదని.

ఒంటిమనిషి చెంగమ్మ
ఈమధ్య రెండు శేర్లు వండుతోంది.
గిడ్డంగి మోత కూలీలు
రాత్రి అరుగుమీద కూచుని తింటున్నారు.
పంపులు బరువు, ఇంకాస్త పెట్టమంటున్నారు.